అరవై రెండో సెకను

కామారెడ్డిలో అనిల చేసే పని ఏమిటో సొంతూరు ఎల్లారెడ్డిలో ఎవరికీ ఒక పట్టాన అర్థం కాదు. కంప్యూటర్‌ను లోపలి నుంచి నడిపించే కెర్నెల్‌లో ఎవరు ఏ మార్పు చేసినా వందల పరీక్షలు వాటంతటవే నడుస్తాయి. ఒక్కోదానికి నలభై ఐదు సెకన్ల గడువు. ఆలోపు ముగియకపోతే దాన్ని ఆపేసి ఫెయిల్ అని రాసేస్తుంది యంత్రం. లేకపోతే బిగుసుకుపోయిన ఒక్కదాని వెనక మిగతావన్నీ నిలిచిపోతాయి.

ఆరు నెలలుగా ఒక పాత సర్క్యూట్ బోర్డు మీద ఒక పరీక్ష రోజూ ఫెయిలే.

"లిస్టులకెల్లి తీసెయ్ అనిలా, అది సచ్చిన బోర్డు" అన్నాడు పై అధికారి పురుషోత్తం.

శుక్రవారం పొద్దున ఆమె గడువు తీసేసి చూస్తూ కూర్చుంది. నలభై ఐదు దాటింది. యాభై. తెర మీద ఉలుకూ పలుకూ లేదు. అరవై రెండో సెకనులో పాస్ అని పడింది. మరో పదిసార్లు నడిపింది. ఎక్కువలో ఎక్కువ డెబ్బై ఒకటి. గడువు తొంభై అని రాసింది.

"అది సావలే సార్. నిమ్మళంగ చేస్తది. మనమే ఆగలే."

"ఓపిక మస్తుగుందమ్మా నీకు" అని నవ్వాడాయన.

మధ్యాహ్నం బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్లింది. శుక్రవారం బాపుకు సెలవు, మస్కట్ నుంచి ఫోన్ చేసే రోజు. తండ్రి వెంకటి పనికని అక్కడికి వెళ్లి పదకొండేళ్లు. మధ్యలో వచ్చింది రెండే సార్లు. ఇక ఎప్పుడొస్తాడో ఆయన నోటితో వినాలన్నదే అనిల ఆశ. అడిగినప్పుడల్లా ఆయన మాట ఆగిపోయేది. ఇబ్బంది పెట్టొద్దని ఆమే "సరే బాపూ, పైలం" అని పెట్టేసేది.

ఈసారీ ఫోన్ స్పీకర్‌లో పెట్టి అడిగింది. "ఎప్పుడొస్తవ్ బాపూ?"

అవతల కూలర్ చప్పుడు. అలవాటుగా వేలు ఫోన్ పెట్టేసే ఎర్రగుర్తు మీదికి పోయింది. వెనక్కి తీసుకుంది. బీడీలకు తునికాకు కత్తిరిస్తున్న తల్లి భూమక్క చెయ్యి ఆగింది. నిమిషం గడిచింది.

"బిడ్డా... ఉన్నవా?"

"ఉన్న బాపూ."

"రావాల్ననే ఉంటది. నేను లేకుండనే ఇల్లు నడుసుడు అలవాటైంది గద. వస్తె నాకేం పనుంటది ఆడ?"

భూమక్క తలెత్తకుండానే అంది: "ఆకు కత్తిరిచ్చెటోళ్లు లేరు. నా చేతులు గుంజుతున్నయ్. రమ్మను, కత్తెర ఇస్త."

అవతల మళ్లీ కూలర్ చప్పుడే. ఇవతల ఎవరూ ఫోన్ పెట్టేయలేదు.

"ఆ పాత కత్తెరేనా?" అన్నాడు చాలాసేపటికి వెంకటి. "సాన పట్టాలె గద దానికి."