లేని ఊరిలో నేతవాడ

లేని ఊరికి పటం గీయడం ఉన్న ఊరికి గీయడం కన్నా కష్టం. ఉన్న ఊరైతే ఎక్కడికీ పోదు, తప్పు గీసినా వెళ్లి చూసి దిద్దుకోవచ్చు. వెల్మారా అనే పట్నం సముద్రం ఒడ్డున ఉందని, దానికి ఏడు ద్వారాలని, నడుమ రాజుగారి కోట అని బెంగళూరులో వీడియో గేములు తయారుచేసే కంపెనీ వాళ్లు చెప్పారు. అంతే చెప్పారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా పుట్టని ఊరికి మూడు వందల ఏళ్ల నాటి పటం కావాలి. కాగితం టీ ఒలికినట్టు గోధుమ రంగులో ఉండాలి. ఇళ్లు ఒక్కొక్కటీ బొమ్మలా నిలబడాలి, కొండలు చీమల పుట్టల్లా కనిపించాలి, సముద్రంలోంచి ఒక పెద్ద చేప తల ఎత్తి చూడాలి.

పద్మారాణి ఈ పనిని పట్టుబట్టి తెచ్చుకుంది. సూరత్‌లోని పాండేసరాలో చీరల ప్రింటింగ్ మిల్లులో కంప్యూటర్ మీద డిజైన్లు వేయడం ఆమె ఉద్యోగం. తొమ్మిదేళ్లుగా ఆమె వేసిన పూలూ నెమళ్లూ దేశమంతా ఆడవాళ్ల ఒంటి మీద తిరుగుతున్నాయి. ఒక్క చీర మీదా ఆమె పేరు లేదు. ఉండదు కూడా, కొంగు మీద డిజైన్ వేసినవాళ్ల పేరు ఎవరు చదువుతారు? పాత పటాలకు మాత్రం ఒక మంచి అలవాటు ఉంది. కింది మూలలో చిన్న నగిషీ చట్రం కట్టి, అందులో గీసినవాళ్ల పేరు రాస్తారు. ఈ పటం నచ్చితే ఇంకో పన్నెండు ఊళ్లు గీయిస్తామని, ప్రతిదాని మీదా పేరు ఉంచుతామని కంపెనీ తరఫున మాట్లాడే రుచిత మాటిచ్చింది. ఊరు గీయకముందే పద్మారాణి ఆ చట్రం గీసింది. గుజరాత్ పద్ధతిలో తన పేరు పక్కన తండ్రి పేరు చేర్చి 'పద్మారాణి కనకయ్య' అని రాసుకుంది. బడిలో చేరిన నాటినుంచి ఆమె పేరు అదే.

ఆ కనకయ్య సిరిసిల్ల వైపు పల్లె నుంచి పద్దెనిమిదో ఏట సూరత్ వచ్చాడు. ముప్పై నాలుగేళ్లు మరమగ్గాలు, వాళ్ల మాటలో సాంచాలు, నడిపి, సగం వినికిడి వాటికే అప్పగించి ఇంట్లో కూర్చున్నాడు. ఊరి శివారున వడోద్‌లో వాళ్లుండేది ఒక గది, ఒక వంటిల్లు. అందులో రహస్యంగా పటం గీయడం కుదిరే పని కాదు. ఆయన టీ సాసరులో పోసుకుని కూతురి వెనక కూర్చుని చూసేవాడు. నాలుగో రోజు నోరు విప్పాడు.

"గీ ఓడలెన్ని బిడ్డా?"

"ఆరు, బాపూ."

"ఆరు ఓడలకు తెరచాపలు. కోట మీద జెండాలు. రాజుకు, రాణికి, గింతమందికి బట్టలు. గిదంత ఏడ నేస్తుండ్రు?"

పద్మారాణి తన పటంలోనే వెతికింది. కోట ఉంది, రేవు ఉంది, అంగడి ఉంది, ఏనుగులశాల కూడా ఉంది. నేసేవాడు లేడు. తొమ్మిదేళ్లుగా బట్ట మీద బతుకుతున్న మనిషికి ఆ సంగతే తట్టలేదు. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు.

కనకయ్య తూర్పు గోడ పక్కన వేలు పెట్టాడు. "గీడ జర జాగ తియ్యి. సందులు సీదా ఉండాలె. పొడుగు నలభై గజాలకు తక్కువ ఉండద్దు."

"ఎందుకు?"

"పడుగు ఏడ చాపుతరు మరి? సాంచాలు రాకముందు మా నాయిన చేతిమగ్గం నేసెటోడు. పొద్దు పొడవకముందే పడుగు దారాలు సందు పొడుగునా చాపి, గంజి పెట్టి, కుంచెతోని దువ్వెటోడు. వంకర సందుల పడుగు నిలుస్తదా? నేతోళ్ల వాడల గీ కొసకు నిలవడితె గా కొస కనవడాలె."

తర్వాత రెండు ఆదివారాలు డుమస్ సముద్రం ఒడ్డుకు పోయి భజియాలు తిందామని ఆమె పిలిచినా ఆయన కదల్లేదు. బావి ఇక్కడ, రంగులద్దేవాళ్లు నదికి దిగువన, సందు నడుమ చెట్టు ఉండొద్దు, దారాలకు అడ్డం. ఎప్పుడో వదిలేసి వచ్చిన వీధిని ఆయన ఒక్కో ఇల్లూ గుర్తు చేసుకుని చెబుతుంటే ఆమె గీసింది. పటం మొత్తంలో బాగా కుదిరిన మూల అదే. ఆ సంగతి ఆమెకు తెలుసు, గర్వంగానూ ఉంది.

పటం పంపిన మర్నాడు రుచిత ఫోన్ చేసింది. వాళ్లిద్దరూ హిందీలో మాట్లాడుకుంటారు.

"చాలా బాగుంది పద్మా జీ! ముఖ్యంగా ఆ తూర్పు వాడ. మావాళ్లంతా దాని చుట్టే మూగారు. ఆట అక్కడే మొదలుపెడతాం. దాని మీద 'దొంగల పేట' అని రాసి పంపండి."

"మేడం, అది నేతవాళ్ల వాడ."

"అర్థమైంది. కానీ ఆటలో నేతవాళ్లతో ఏం చేస్తాం? మా కథలో దొంగలకు ఇల్లు కావాలి. మారేది పేరొక్కటే కదా."

పద్మారాణికి కోపం వచ్చింది. కోపం చూపిస్తే పన్నెండు ఊళ్లూ చేజారిపోతాయి. అందుకని తెలివి చూపించింది.

"అక్కడ దొంగలు బతకలేరు మేడం. సందులన్నీ తిన్నగా ఉన్నాయి. ఈ చివర కాపలావాడు నిలబడితే ఆ చివర దొంగ దొరికిపోతాడు."

అవతల మౌస్ నొక్కిన చప్పుడు వినిపించింది.

"నిజమే!" అంది రుచిత సంతోషంగా. "మంచి మాట చెప్పారు. అయితే సందులు వంకర చేసేయండి."

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. పద్మారాణి తన గొయ్యిని కొలత పెట్టి మరీ తవ్వుకుంది. ఆరు గంటలకల్లా పంపుతానని చెప్పి ఫోన్ పెట్టేసింది.

వంకర చేయడానికి గంట పట్టింది. ఒక్కో సందునూ నడుమ పట్టి లాగింది. ఇళ్లు పక్కకు ఒరిగాయి, అడుగడుక్కీ మలుపులు వచ్చాయి. చూడటానికి ఇదివరకటి కన్నా అందంగా ఉంది, అదే ఆమెకు బాధ కలిగించింది. పైన ఇంగ్లీషు నగిషీ అక్షరాలతో దొంగల పేట అని రాసింది. మిల్లు సేఠ్ అడిగినప్పుడల్లా ఎర్ర పువ్వును నీలం చేసి ఇచ్చిన చేతికి అది కొత్త కాదు.

కనకయ్య టీ తెచ్చుకుని వెనక కూర్చున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, అబద్ధం చెప్పడం సులువే. ఆమెకు మనసొప్పలేదు, కొత్త పేరు చెప్పేసింది.

"దొంగలా?" ఆయన నవ్వాడు. "అననియ్యి. గీ ఊర్ల మనను ఎవలేం అనలే? పేరుదేమున్నది."

ఆమె మనసు తేలికపడింది. అంతలో కనకయ్య ముందుకు వంగి తెర మీద ఒక సందు వెంబడి వేలు పోనిచ్చాడు. వేలు మలుపు దగ్గర ఆగింది. పక్క సందులోకి వెళ్లింది. అక్కడా ఆగింది.

"ఇప్పుడు పడుగు ఏడ చాపుతరు?"

"చాపరు బాపూ. ఇగ అక్కడ ఎవ్వలు నెయ్యరు."

ఆయన చాలాసేపు చూశాడు. కార్ఖానాలో నేసినవాడి నంబరు వేసే ముందు, నేత తప్పిన బట్ట థానును పక్కకు తీసేటప్పుడు చూసినట్టే చూశాడు.

"మూలకు నీ పేరు రాసినవు. పక్కపొంటి నా పేరు గూడ ఉన్నదన్నవు గదా?"

"ఉన్నది."

"నాది తీసెయ్యి బిడ్డా."

"బాపూ..."

"కోపం కాదే. నీ పని నువ్వు చేసినవు, తప్పేం లేదు. నీ పేరు ఉండనియ్యి. గీ సందులు నేను చెప్పినయి కావు. నేను నెయ్యని థాను మీద నా నంబరు ఎన్నడు ఏసుకోలే."

పద్మారాణికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. సందుల్ని మళ్లీ తిన్నగా చేయడం ఒక్క మీట నొక్కినంత పని. ఆమె నొక్కలేదు. చట్రంలోంచి తండ్రి పేరు చెరిపి, సగం ఖాళీ పడితే తన పేరును నడుమకు జరిపింది. సరిగ్గా సరిపోయింది. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన పేరు అది. ఇంకోసారి చూడాలనిపించక అలాగే పంపేసింది.