గురవమ్మ కాలిలో

నేను ఒక స్టీలు రాడ్డును. మూరకు కాస్త తక్కువ పొడవు, చిటికెనవేలంత లావు. కర్మాగారంలో నన్ను వంచి చూశారు, గీటు పడిందేమోనని వెతికారు, నునుపు తేల్చి అట్టపెట్టెలో పెట్టి మూశారు. లోహానికి భయమేమిటని మీరనుకోవచ్చు. గురవమ్మను చూసేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

పల్నాడులో మిరప కోతకు కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టరు కాలువగట్టు మీద బోల్తా పడింది. గురవమ్మ కుడికాలు మోకాలి కింద విరిగి, ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. ఆ గాయంలో గట్టు మట్టి దూరింది.

"ఆపరేషనొద్దు మేడం, నాటుకట్టు కట్టిచ్చుకుంటాం" అన్నాడు ఆసుపత్రిలో ఆమె భర్త ఏసోబు.

"ఇది కట్టుతో పోయేది కాదయ్యా. ముందు మట్టంతా కడగాలి. తర్వాత లోపల రాడ్డు వేస్తాం. చీము పట్టిందంటే మాత్రం..." డాక్టరు శ్యామల అక్కడితో ఆపేసింది. ఆగిన మాటేమిటో బల్ల మీది గురవమ్మకు కూడా అర్థమైంది.

నడుముకు మత్తుసూది ఇచ్చారు. మెలకువగానే ఉంది, నడుము కింద మాత్రం ఏమీ తెలియడం లేదు. మధ్యలో ఆకుపచ్చ గుడ్డ అడ్డం. గాయం కడగడం అయ్యాక డ్రిల్లు మోగింది.

"అమ్మా, కోసేత్తన్నారా? నా కాలు నాకు తెలవట్లా!"

"కొయ్యడం లేదమ్మా, రాడ్డుకు దారి చేస్తున్నా."

"చూపియ్యండమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటా!"

తన కాలు పోతుందని వణికే మనిషి ఎదుటివాళ్ళ కాళ్ళు పట్టుకుంటాననడం మీ మనుషులకే చెల్లు. శ్యామల పని ఆపి, ఆ పాదాన్ని గుడ్డపైకి ఎత్తి చూపించింది. పగుళ్ళ మడమను గురవమ్మ చాలాసేపు చూసింది.

"నాదే. ఇంక కొట్టండి" అని కళ్ళు మూసుకుంది.

సుత్తి దెబ్బ మీద దెబ్బ. మోకాలి దగ్గరనుంచి మూలుగలోకి దిగాను. పైనా కిందా మరలు బిగించారు.

అప్పుడు పట్టుకుంది నాకు భయం. నాలో రక్తం లేదు. నామీద ఒక్క క్రిమి చేరినా తరిమే దిక్కుండదు. నిలబెట్టడానికి వచ్చిన నావల్లే ఆ కాలు పోవచ్చు.

జ్వరం రానే వచ్చింది. గాయం నుంచి రసి కారింది. మళ్ళీ ఆపరేషన్ థియేటరుకు తీసుకెళ్ళి కడిగారు, అది చాలక ఇంకోసారి కడిగారు.

"నాటుకట్టుకు పోయినా బాగుండేది" అని ఏసోబు గొణిగాడు.

"నోరు ముయ్యి. నా కాలింకా నాకే ఉంది" అంది గురవమ్మ, పళ్ళు టకటకలాడే చలిజ్వరంలోనే.

మెల్లగా జ్వరం దిగింది. తొడనుంచి తీసి కప్పిన చర్మం గాయం మీద అతుక్కుంది.

ఒక ఉదయం శ్యామల ఆమెను మంచం దింపింది. చేతికర్ర ఊతంతో గురవమ్మ పాదం నేలకు మోపింది. ఆమె బరువు నామీదికొచ్చింది. వంగిపోతానేమోనని నా భయం, కాలు మళ్ళీ విరిగిపోతుందేమోనని ఆమె భయం. ఏసోబు చేతులు చాచి ముందుకొచ్చాడు.

"పట్టుకోబాకు" అంది గురవమ్మ.

రెండో అడుగు వేసింది.