తెల్ల తలుపులు

పొద్దున ఏడింటికి గిన్నెలో వేసిన ప్లైవుడ్ ముక్క మధ్యాహ్నం దాకా ఉడుకుతూనే ఉంది. నేను గంటకోసారి దాన్ని పట్టకారుతో పైకి తీసి, పొరలు విడిపోయాయేమోనని అంచులు చూసి, మళ్ళీ నీళ్ళలో వదులుతున్నాను.

"ఏందక్కా, చెక్కతోని చారు పెడుతున్నవా? జర ఉప్పు సరిపోయిందో చూడు," అంది అమృతమ్మ గుమ్మంలో నిలబడి.

"నవ్వకు. మంచి ప్లై అయితె ఎంత ఉడికినా పొర ఇడువదంట. పేపర్ల రాసిన్రు."

"రాసినోళ్ళు తిని చూసిన్రా మరి?"

అమృతమ్మ నా తోడికోడలు. తార్నాకలోని ఈ రెండో అంతస్తు ఫ్లాట్‌ను అన్నదమ్ములిద్దరూ కలిసి తీసుకున్నారు. మమ్మల్ని ఒకే వంటింట్లో వదిలి, మూడేళ్ళ తేడాతో ఇద్దరూ వెళ్ళిపోయారు. నా కూతురు పెళ్ళయి వెళ్ళింది. అమృతమ్మకు పిల్లలు లేరు. ఆమె తమ్ముడి కూతురు శిరీష నల్లకుంటలో ఉంటుంది. వచ్చినప్పుడల్లా "మా ఇంటికి వచ్చెయ్ అత్తమ్మా" అంటుంది. ఆ మాట విన్న రోజు నాకు ముద్ద దిగదు. పది రోజులని చెప్పి నా గడప దాటినవాళ్ళు పదకొండో రోజు తిరిగి రావడం నేను చూడలేదు.

అందుకే, వంటింటి అల్మారాలను చెదలు తినేసి పిండి డబ్బాల దాకా వచ్చినప్పుడు, బాధ కంటే ఆశే ఎక్కువ కలిగింది. అమృతమ్మకు వదిలి వెళ్ళాలనిపించనంత మంచి వంటిల్లు చేయిద్దామనుకున్నాను. వంట ఆమెదే. నా పని తరగడం, తుడవడం, భయపడడం.

నేను బడికి పోలేదు. యూనివర్సిటీ లైబ్రరీలో అటెండరుగా చేరాక, దుమ్ము దులుపుతూ అట్టల మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నందుకేమో, అచ్చులో ఉన్నదేదైనా నాకు నిజమే. చెదలు, చెమ్మ, బొద్దింకలు, వీటి గురించి దొరికిందల్లా చదివి, హబ్సిగూడలోని దుకాణానికి అమృతమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను.

దుకాణం నడిపే దేవేందర్ నమూనా పలకలన్నీ బల్ల మీద పరిచాడు. నేను వాటి వెనక రాసినవి చదువుతున్నాను. అమృతమ్మ ఒక్కోదాని మీద అరచెయ్యి రాసుకుంటూ వెళ్ళి, సన్నని గాడుల్లాంటి గీతలున్న గోధుమరంగు సన్మైకా దగ్గర ఆగింది.

"ఇది మంచిగున్నదక్కా. చేతికి తెలుస్తున్నది."

"ఆ గీతలల్ల జిడ్డు పట్టి బొద్దింకలు జేరుతయి."

"అయితె పోపుడబ్బ కాడన్న తలుపులు పెట్టియ్యకు. అరలు ఊకెనే ఉండనీ."

"దుమ్ము వడదా? చదివినదాన్ని చెప్తున్న, ఇను."

పరాయివాడి ముందు ఆ మాట అన్నాను. అమృతమ్మకు సంతకం తప్ప ఏమీ రాదు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది. "నీ ఇష్టం అక్కా," అంది.

"ఇది చూడుండ్రి పెద్దమ్మా, అక్రిలిక్," అన్నాడు దేవేందర్, అద్దంలా మెరిసే తెల్ల పలక ఎత్తి. "హ్యాండిల్ గూడ ఉండదు. ఇట్ల వత్తితె చాలు, మక్ఖన్ లెక్క మెత్తగ తెరుచుకుంటది."

తెలుపు మీద చెదపురుగు వస్తే వెంటనే కనిపిస్తుంది. అదే ఖాయం చేశాను.

పన్నెండు రోజుల్లో పని అయిపోయింది. పద్నాలుగు తలుపులు, అన్నీ ఒకటే తెలుపు, పిడి లేదు, గీత లేదు. నేను రోజుకు రెండుసార్లు తుడిచి మురిసిపోయాను. అమృతమ్మ మాత్రం పప్పు కోసం మూడు తలుపులు వత్తేది. పోపు మాడేది. ఒకరోజు జీలకర్రకు బదులు వాము పడింది. ఇంకోరోజు తెరిచి ఉన్న పై తలుపు తగిలి నుదురు బొప్పి కట్టింది.

"ధ్యాస యాడ పెట్టినవే?" అన్నాను, పసుపు అద్దుతూ.

"కొత్త గదక్కా," అంది. "అలవాటైతది."

ఒక ఉదయం తుడుస్తుంటే తలుపుల అడుగు అంచున వేలికి ఏదో తగిలింది. వంగి చూశాను. బొట్టుబిళ్ళలు. ఒక తలుపుకు ఒకటి, పక్కదానికి రెండు, ఆ పైదానికి మూడు. మేమిద్దరమూ బొట్టు పెట్టుకోము. ముందు రోజు శిరీష వచ్చి వెళ్ళింది కాబట్టి, ఆ పిల్లే ఆటకు అంటించి ఉంటుందనుకున్నాను. జిగురు మరక పడుతుందని నాకు కంగారు. అమృతమ్మ స్నానం చేసి వచ్చేలోగా అన్నీ గోటితో గీకి, కొబ్బరినూనె రాసి, మచ్చ లేకుండా తుడిచేశాను.

ఆమె వచ్చి టీ పెట్టబోయి, తలుపు అంచు కింద వేళ్ళు ఆడించింది. పక్క తలుపు కింద కూడా.

"ఎవరో బిళ్ళలు అంటించిన్రు. తీసేసిన," అన్నాను.

"మంచిగ జేసినవు," అంది.

ఆ వారమే సంచి సర్దుకుంది. "శిరీష రమ్మంటున్నది. పది దినాలు ఉండొస్త."

నెల దాటింది. ఫోన్ చేస్తే, "వస్తలే అక్కా" అనేది. వంటింట్లో నేనొక్కదాన్నే ఒక పూట అన్నం వండుకుని రెండు పూటలా తింటున్నాను.

శిరీష యూనివర్సిటీ ఆఫీసులో పనిచేస్తుంది. ఒక పొద్దున నేను ఆర్ట్స్ కాలేజీ ముందు నడుస్తుంటే, డ్యూటీకి పోతున్న ఆమె కనిపించింది. మాటల్లో, బిళ్ళలు అంటించి నా తలుపులు పాడుచేశావని నవ్వుతూ అన్నాను. ఆమె నవ్వలేదు.

"అత్తమ్మనే తెప్పించుకున్నది పెద్దత్తమ్మా. ఒకటుంటె పప్పులు, రెండుంటె మిరపపొడి. చేతితోని గుర్తుపట్టనీకె."

"కండ్లున్నయి గదా?"

"రెండేండ్ల సంది సరిగ కనవడ్తలే. కండ్ల నరం ఎండిపోతున్నదన్నరు. గొట్టంల నుంచి చూసినట్టు నడిమిట్ల ఇంతే కనిపిస్తది. మీకు చెప్తె అన్నం తినరు, నిద్రపోరని నా నోరు మూయించింది."

ఆ తర్వాత ఆమె ఇంకేం చెప్పిందో నాకు గుర్తు లేదు. ఈ రెండేళ్ళూ ఇదే దారిలో అమృతమ్మ నా మోచెయ్యి పట్టుకుని నడిచింది. వయసుతో పాటు ప్రేమ పెరిగిందనుకున్నాను. కాళ్ళు ఈడ్చకు, గబగబా నడువు అని విసుక్కున్నాను కూడా.

ఇంటికి పోలేదు. దేవేందర్‌కు ఫోన్ చేసి ఆ తలుపులన్నీ ఊడదీయవచ్చా అని అడిగాను. "ఒక్క దినం పని పెద్దమ్మా, కానీ ఎందుకు?" అన్నాడు. ఫోన్ పెట్టేసి నల్లకుంట బస్సెక్కాను.

శిరీష అద్దెకుండేది పాతకాలపు ఇల్లు. వంటింట్లో గోడలోంచి వచ్చిన నల్లరాతి అరలే తప్ప తలుపులు లేవు. అమృతమ్మ నాకు వీపు తిప్పి పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఆమె చెయ్యి రాతి అంచు పట్టుకుని జరిగి, మూడో డబ్బా దగ్గర ఆగి, మూత తీసి, వాసన చూసి, ఆవాలు నూనెలో వేసింది. చిటపటలు వినిపించగానే కరివేపాకు. ఎక్కడా తడబడలేదు.

"అక్కా?" అంది తిరగకుండానే. "నీ చెప్పుల చప్పుడే."

"అమృతా, తలుపులన్ని పీకిస్త. దేవేందర్‌తోని మాట్లాడిన. నువ్వన్న గీతల సన్మైకానే ఏపిస్త. లేకుంటె అరలు ఊకెనే ఉంచుత. ఇంటికి రా."

ఆమె పొయ్యి కట్టేసి, అరను తడుముతూ నా వైపు వచ్చింది.

"కోపం లేదక్కా నీ మీద. నువ్వు నా కోసమే చేపిచ్చినవు, నాకెరుకలేదా? కానీ డాక్టరు ఏడాది అన్నడు, ఎక్కువల ఎక్కువ. చీకటి పడకముందే ఒక వంటిల్లు చేతులకు రావాలె. ఈడ సగం నేర్చుకున్న. ఇప్పుడు మల్ల కొత్తది నేర్చుకోవాలంటె నాకు టైం లేదు."

నేను ఏడుస్తున్నానని ఆమెకు తెలిసింది. నా ముఖం ఎటుందో వెతికి, చెంప మీద తడి చేత్తోనే తుడిచింది.

"కూసో. చాయ పెడ్త."

నేను అక్కడే నిలబడిపోయాను.

"జర పక్కకు జరుగు అక్కా," అంది మెల్లగా. "నువ్వు నిలవడ్డకాడనే చాయపత్తి ఉన్నది."

జరిగాను.