చొక్కా అడిగిన చోట

“పాలు పొంగుతున్నాయమ్మాయ్! ఆ కూనిరాగం కాస్త ఆపి ఇటు చూడు!”

అత్తగారు హాల్లో కుర్చీలోంచే కేకేసింది. ఆ కుర్చీ నుంచి పొయ్యి ఎంత దూరమని? లేచి రెండడుగులు వేస్తే చేతికందుతుంది. కోడలేమో పెరటి వైపు సింకు దగ్గర మోచేతుల దాకా సబ్బు నురగలో ఉంది. అయినా పాలు పొంగితే పరుగెత్తాల్సింది కోడలే. ఈ శాసనం ఎవరు చేశారో ఏమో గానీ ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో చక్కగా అమలవుతోంది. ఆమె తడిచేత్తోనే వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చింది. సింకు గట్టు మీద ఆనించిన ఫోన్ వైపు ఓసారి చూసి మళ్లీ పాట అందుకుంది.

ఫోన్లో రికార్డవుతోంది. ఆమె పాటలన్నీ ఇలాగే పుట్టాయి. గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ, బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిన రోజున. పాటలు కట్టేవాళ్లు బల్ల ముందు కూర్చుని కడతారట. ఆమెకీ ఒక బల్ల ఉంది. దాని మీద ఎప్పుడూ ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలుంటాయి.

పాల కేకకి ముందే పాట రెండుసార్లు ఆగింది. “ఏమోయ్, నా నీలం చొక్కా ఏదీ?” లోపలి గదిలోంచి భర్త. బదులు చెప్పి మళ్లీ పాడింది. “చార్జరెక్కడ పెట్టావ్?” చెప్పింది. మళ్లీ పాడింది.

ఆమె ఒక బళ్లో సంగీతం టీచరు. “పిల్లలకి ఓ చిన్న పాట కట్టేయండి మేడమ్, మీకెంతసేపు!” అంటాడు హెడ్మాస్టరు, ఊడిన గుండీ కుట్టి పెట్టమన్నంత తేలిగ్గా. కిందటి వార్షికోత్సవానికి ఆమె తల ప్రాణం తోకకొచ్చేలా కష్టపడి కట్టిన పాటకి హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. హెడ్మాస్టరు వేదికెక్కి మైకు అద్దెకిచ్చినవాడికి ధన్యవాదాలు చెప్పాడు, కుర్చీలు వేసినవాళ్లకి చెప్పాడు, చివరికి కరెంటు పోనందుకు కూడా సంతోషం వెలిబుచ్చాడు. పాట కట్టిన మనిషి తెర వెనక పిల్లల ముక్కులు తుడుస్తోంది. ఆమె ఎవరికీ గుర్తు రాలేదు. ఇంటికొచ్చి భర్తకి చెప్పుకుంటే, “అయినా నువ్వేమన్నా కంపోజరువా? టీచరువి!” అని నవ్వేసి టీవీ పెట్టుకున్నాడు. చెడ్డవాడేం కాదు. కొట్టడు, తిట్టడు. కానీ ఆ నవ్వు ఆమెకి చాలా రోజులు అన్నం సహించనివ్వలేదు.

అప్పుడే నిశ్చయించుకుంది, విశ్వవిద్యాలయంలో సంగీత రచనలో పీజీ చెయ్యాలని. సొంతంగా కట్టిన సంగీతం ఒకటి పంపమన్నారు. సింకు దగ్గర పుట్టిన ఆ పాటనే వయొలిన్‌కీ ఫ్లూటుకీ రాసి, తెలిసినవాళ్లని బతిమాలి, సెలవురోజున ఖాళీ క్లాసురూములో వాయింపించి శుభ్రంగా రికార్డు చేసింది. పంపేవేళకి బయట భర్త కారు హారన్ మోగిస్తున్నాడు, ఆలస్యమవుతోందని. ఆ కంగారులో ‘కొత్త పాట’ పంపబోయి ‘కొత్త పాట పచ్చిది’ పంపేసింది. గిన్నెల చప్పుడూ, చొక్కా గొడవా, పాల కేకా అన్నీ ఉన్న సింకు దగ్గరి రికార్డింగది. మర్నాడు బస్సులో చూసుకుంది. ఇంకేముంది, కొంప మునిగింది అనుకుంది.

చిత్రమేమిటంటే, ఇంటర్వ్యూకి రమ్మన్నారు.

“సరదాగా వెళ్లిరా,” అన్నాడు భర్త. “వంటవేళకి వచ్చేస్తావుగా?”

గదిలో ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న ఆచార్యురాలు కళ్లజోడు నెత్తికెక్కించుకుని రికార్డింగు పెట్టింది. ‘నా నీలం చొక్కా ఏదీ?’ అని భర్త గొంతు ఆ గదిలో మోగేసరికి ఈమెకి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

“క్షమించండి, పొరపాటున వేరేది...”

“ఉండండి. ఇక్కడ ఆపారు. మళ్లీ ఎత్తుకున్నది మాత్రం ఆపిన చోటు నుంచి కాదు. చార్జరు దగ్గరా అంతే, పాల దగ్గరా అంతే. మధ్యలో కొంత పాట లేదు. కావాలని వదిలేశారా?”

ఆమె ఆలోచించింది. ఇన్నేళ్లలో ఈ సంగతి ఎవరూ అడగలేదు. తనని తానైనా ఎప్పుడూ అడగలేదు.

“వదల్లేదండీ. ఆగేది నోరొక్కటే. లోపల పాట నడుస్తూనే ఉంటుంది. నేను తిరిగొచ్చేసరికి అదెంత దూరం వెళితే అక్కణ్ణుంచి అందుకుంటాను.”

పక్కనున్న పెద్దాయన ఇందాకట్నుంచీ వేలితో బల్ల మీద తాళం వేస్తున్నాడు. “నేను చూస్తూనే ఉన్నా,” అన్నాడు. “పాల కోసం పరిగెత్తి వచ్చింది కదా, వచ్చి ఎత్తుకున్నది సరిగ్గా సమం మీద, తాళం మొదలయ్యే దెబ్బ మీద. ఒక్క దెబ్బ కూడా అటూ ఇటూ కాలేదు!”

ఆచార్యురాలు ముందుకి వంగింది. “మరి ఎవరూ పిలవకపోతే మీ సంగీతం ఎలా ఉంటుందమ్మా?”

“తెలీదండీ,” అంది ఆమె. “ఎప్పుడూ వినలేదు. విందామనే వచ్చాను.”

సీటొచ్చింది. ఆమె స్టాఫ్‌రూములో పక్కనున్న లెక్కల టీచర్ని వాటేసుకుని చిన్నపిల్లలా ఏడ్చేసింది.

ఇంట్లో మాత్రం అగ్గి రాజుకుంది. “రెండేళ్లా! ఇల్లేమైపోవాలి? పాడుకోవాలనుంటే ఇంట్లోనే పాడుకో, ఎవరొద్దన్నారు?” అన్నాడు భర్త.

ఆమె వాదించలేదు. ఫోన్ తీసి ఆ రికార్డింగు పెట్టి, భర్తకీ అత్తగారికీ మధ్య ఉంచింది. చొక్కా దగ్గర భర్త నవ్వాడు. చార్జరు దగ్గర నవ్వు సన్నబడింది.

“ఏంట్రా ఇది,” అంది అత్తగారు, “చీటికీ మాటికీ దాన్నలా పిలుస్తావు, నీకు కళ్లు లేవా?” అనేలోపే ఫోన్లోంచి ‘పాలు పొంగుతున్నాయమ్మాయ్!’ అని తన కేకే వినబడింది. పెద్దావిడ కొంగుతో మొహం తుడుచుకుంది. “నేనంత గట్టిగా అరుస్తానా?” అని మెల్లగా అడిగింది. కోడలికి నవ్వొచ్చింది, జాలీ వేసింది. అయినా లేదని మాత్రం అనలేదు.

“మరి వంటో?” భర్త చివరి అస్త్రం తీశాడు.

“నేర్చుకోండి. నేనూ ఈ వయసులో నేర్చుకోడానికేగా వెళ్తున్నాను.”

ఆదివారం పొద్దున్న ఇస్త్రీ బట్టలన్నీ ఎత్తి భర్త మంచం మీద పెట్టేసింది. తడిగుడ్డతో బల్ల తుడిచి కిటికీ పక్కకి జరుపుకుంది. వంటింట్లో పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి, ఫోన్ ఆనించి పాట ఎత్తుకుంది. కాసేపటికి పాల వాసన గది దాకా వచ్చింది. కాళ్లు అలవాటుగా కదలబోయాయి. కదలనివ్వలేదు.

“పాలు పొంగుతున్నాయ్! ఎవరో ఒకరు చూడండి!” అని కేకేసి పాట అందుకుంది.

హాల్లో కుర్చీ కిర్రుమంది. లోపలి గదిలో మంచం కిర్రుమంది. రెండు జతల కాళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ వంటింట్లోకి పరుగెత్తాయి. ఆ రోజు రికార్డింగులో పిలిచిన గొంతు ఒక్కటే ఉంది. అది ఆమెది.