వీధిలో మగ్గాలు ఆగినప్పుడు

మగ్గం ఉన్న ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. మాట్లాడినా ఎవరికీ వినపడదు. అన్నం తిన్నావా అని అడగాలన్నా అరవాలి, లేదంటే ఎదురుగా వచ్చి నోరు బాగా తెరిచి అడగాలి. ఎమ్మిగనూరులో మా వీధంతా అంతే. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు మొదట్లో తమను తిడుతున్నారనుకుని ఏడుస్తారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళూ ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంటారు. మా తమ్ముడు శివకుమార్‌కు మాటలు వచ్చేముందే ఈ విద్య వచ్చింది. వాణ్ణి ముంచింది కూడా అదే.

శివ బెంగళూరులో గిటారు వాయిస్తాడు. సినిమా పాటలకు కాదు. వాడు వాయించేదాన్ని థ్రాష్ మెటల్ అంటారట. కుడి అరచేతి అంచుతో తీగలను అదిమిపట్టి, కిందికి కిందికి అంత వేగంగా కొడుతూ పోతే, పెద్ద పెద్ద స్పీకరు పెట్టెల్లోంచి ఆ శబ్దం మన రొమ్ము మీద వచ్చి పడుతుంది. పాడేవాడు పాడడు, అరుస్తాడు. మొదటిసారి విన్నప్పుడు కంకర లారీ బోల్తా పడినట్టుందని మా ఆయన ఎర్రిస్వామి నవ్వాడు. ఉరుకుంద జాతరలో డప్పు వినపడితే పంచె ఊడినా చూసుకోకుండా ఎగిరే మనిషి, ఆయన చెప్పాలి సంగీతం గురించి!

వాడికి ఈ పిచ్చి ఎక్కడ పట్టిందో నాకు బాగా తెలుసు. ఆదోనిలో ఐటీఐ చదివేటప్పుడు బస్టాండు దగ్గర మొబైల్ షాపులో మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకున్నాడు. షాపాయన పొరపాటున వేరెవరి పాటలో ఎక్కించి పంపాడు. ఆదివారం ఇంటికి వచ్చి నాయన మగ్గం పక్కన కూర్చుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు చెవుల్లోవి పీకి మగ్గం వైపు చూశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ పీకాడు. "అక్కా, మనింటి సద్దే ఇది! ఎవరో మనింటి సద్దును పాట గట్టినారు!" అని గంతులేశాడు. మా నాయన భీమన్న నూలు పోగు మోసే నాడె విసిరితే కుడికీ ఎడమకూ పరిగెత్తే ఆ దెబ్బ, కింద కాళ్ళు తొక్కే తొక్కుడు, అవన్నీ ఆ పాటలో ఉన్నాయని వాడి వాదన. నాయన కూడా ఒకసారి చెవుల్లో పెట్టుకుని విన్నాడు. మొహం చిట్లించాడుగానీ మగ్గం గుంతలో ఆయన కాళ్ళు వాటంతట అవే కదిలాయి. "ఎవడోగానీ బాగా నేస్తాండాడు" అన్నాడు.

గిటారు పట్టుకోవడం నేర్పింది ఆదోని ప్రేమ్ కుమార్ అన్న. వారమంతా పత్తి జిన్నింగు మిల్లులో పని, ఆదివారం చర్చిలో గిటారు. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. వాయించడం అయిపోగానే తీగలన్నీ వదులు చేసి గిటారును గోడకు తగిలించేవాడు. బిగించి ఉంచితే మెడ వంగిపోతుందట. కాబట్టి ఎవరు ముట్టుకున్నా మొదట ఆరు తీగలనూ చెవితో విని శ్రుతి చేసుకోవాలి. కుదరకపోతే ఆయన తిట్టే తిట్లు చర్చిలో వాయించే మనిషివని ఎవరూ అనరు. శివ వారాలపాటు శ్రుతి చేయడమే తప్ప వాయించింది లేదు. తర్వాత బెంగళూరు పోయి, నలుగురితో కలిసి 'నల్లరేగడి' అని జట్టు కట్టి, మొదటి ఆల్బమ్ తెచ్చి ఇస్తే, అన్న మొత్తం విని "మూడో పాటలో రెండో తీగ వెంట్రుకంత దిగింది. చెవులు అమ్ముకున్నావా బెంగళూర్లో?" అన్నాడట. శివ ఆ మాట నాకు ఫోన్లో చెప్పి మురిసిపోయాడు. ఎవరు పొగిడినా వాడికి అంత సంతోషం కలగలేదు. అన్న తిట్టాడంటే ఇంకా తిట్టదగ్గవాణ్ణని అర్థం అనేవాడు.

ఈ ఏడాది వాళ్ళకు పెద్ద అవకాశం వచ్చింది. అక్టోబరులో బెంగళూరులో పెద్ద మైదానంలో కచేరీ. బయటి దేశాల జట్లు వాయించే వేదిక మీదే వీళ్ళూ వాయించాలి. ఇన్నేళ్ళూ హోటళ్ళలో, కాలేజీల్లో వాయించి వాయించి అక్కడికి చేరారు. నాయనను తీసుకుపోయి ముందు వరసలో కూర్చోబెడతానని శివ చెప్పాడు. శ్రావణంలో నాయన ఛాతీ పట్టేసి చనిపోయాడు. ఆయన ఊపిరితిత్తుల్లో ఎంత నూలు దుమ్ము ఉందో దేవుడికే తెలియాలి.

మా వీధిలో ఎవరైనా పోతే పెద్దదినం అయ్యేదాకా ఆ వరసలో మగ్గాలన్నీ ఆపుతారు. ఆపి, పాత చీర కప్పుతారు. ఎంత అవసరమున్నా ఎవరూ నాడె ముట్టరు. శివ వచ్చి నాయనకు కొరివి పెట్టాడు. నడుందాకా పెంచిన జుట్టు గుండు చేయించుకున్నాడు. ఆ జుట్టు కోసం నాయనతో ఎన్ని మాటలు పడ్డాడో! ఆ తర్వాత అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. పిలిస్తే పలికేవాడు కాదు. ముందుకెళ్ళి నిలబడితే తప్ప తల ఎత్తేవాడు కాదు. "నాయన మింద దిగులు పెట్టుకున్నాడు, ఇడిసిపెట్టు సంతోషీ" అంది మా అమ్మ అంజినమ్మ. నేనూ అలాగే అనుకున్నాను.

ఒక ఉదయం ఉన్నట్టుండి లేచాడు. మొహం ఎర్రబారింది.

"ఆయమ్మకు సెప్పక్కా, ఆపమని. నాయన పోయి ఇంకా దినాలన్నా గాలేదు. అప్పుడే మగ్గమెక్కిందే! సిగ్గుండాల మనుసులకి."

"ఎవరురా?"

"ఇంకెవరు, లక్ష్మక్క. పొద్దున్నించి ఇంటాండా, టకటక టకటకమని. నీకు ఇనపల్లేదా?"

నాకేమీ వినపడలేదు. వీధి చివర ఎవరో చీపురుతో ఊడుస్తుంటే ఆ చప్పుడు కూడా తెలిసేంత నిశ్శబ్దంగా ఉంది మా వరస. పక్కింటి లక్ష్మక్కకూ నాయనకూ మోరీ నీళ్ళ దగ్గర ఎప్పుడూ గొడవే కాబట్టి, ఆమె పంతానికి చేసినా చేస్తుందని వాడు నమ్మాడు. నేను ఆపేలోపల చెప్పులు కూడా లేకుండా వాళ్ళింటికి పోయాడు. నేనూ అమ్మా వెనకే పరిగెత్తాం.

లక్ష్మక్క గడపలో కూర్చుని చేటలో బియ్యం చూసుకుంటోంది.

"మా నాయన నీకేం ద్రోహం జేసినాడక్కా? పీనుగు లేసిన ఇంటి పక్కన ఈ టకటకలేంది? వారం రోజులు ఆపితే నీ ఇల్లు మునుగుతుందా?" శివ గొంతు వీధంతా వినపడింది. మనుషులు బయటికి వచ్చారు.

లక్ష్మక్క మామూలుగా అయితే ఒక మాటకు పది అంటుంది. ఆ రోజు నోరు తెరుచుకుని చూసింది. "ఏమప్పా శివా, ఏమైందప్పా నీకు? లోపలికి పోయి నువ్వే సూడు" అంది.

వాడు లోపలికి పోయాడు. గుమ్మంలోంచి మాకు కనిపిస్తూనే ఉంది. మగ్గం మీద చీర కప్పి ఉంది. చీర తీశాడు. పడుగు మీద చెయ్యి వేశాడు, నాడె తీసి చూశాడు, మగ్గం కొయ్యకు అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉన్నాడు. కొయ్య కదలడం లేదు. వాడు మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. అమ్మ "శివా" అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఇంట్లో ఈగ వాలినా వినపడేలా ఉంది, వాడు మాత్రం తిరగలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

చివరికి వాడే తిరిగి, మా అందరి మొహాలూ చూశాడు.

"మరి యాడ ఆడుతాండాది?" అని అడిగాడు.

"యాడా ల్యాదప్పా" అంది లక్ష్మక్క. అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కొంగు అడ్డం ఉండడంతో ఆమె అన్నది వాడికి అందలేదు. నా వైపు చూశాడు. నేను చేత్తో లేదని చూపించాను.

అప్పుడు నాకు ఒక్కొక్కటే తట్టసాగాయి. వీడు ఫోను చేస్తే ఎప్పుడూ వీడియో కాలే. మా మొహాలు చూడకుండా ఉండలేడని అమ్మ ఎంత పొంగిపోయేదో! వేదిక మీద జనం వైపు చూడకుండా డ్రమ్స్ వాయించేవాడి చేతుల వైపే చూస్తాడు. అది వాడి స్టయిలని అభిమానులు ఫోటోలు తీసుకునేవాళ్ళు. బెంగళూరులో తీగల శ్రుతికి కాలి కింద ఒక పెట్టె ఉంటుందట. శ్రుతి కుదిరితే పచ్చ లైటు వెలుగుతుంది, చెవితో పనిలేదు. ఎక్కడ చూసినా కళ్ళతోనే నెట్టుకొచ్చాడు. చెవులు పోతున్నాయని వాడికే తెలియలేదు. వేరే ఇంట్లో అయితే ఎవరో ఒకరు కనిపెట్టేవాళ్ళు. మా ఇంట్లో అందరం అరుస్తాం, అందరం పెదాలు చూస్తాం, చెవుల్లో మగ్గం మోగడం మాకు ఒక రోగమే కాదు. నాయన చివరి దాకా అలాగే బతికాడు. తలుచుకుంటే నా మీద నాకే మండిపోతుంది.

పెద్దదినం కాగానే ఆదోనిలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి ఏవో శబ్దాలు వినిపించారు. డాక్టరు మాస్కు కట్టుకుని మాట్లాడాడు కాబట్టి శివ నా పెదాలే చూస్తూ కూర్చున్నాడు. పోయిన నరాలు తిరిగి రావని, ఆ టకటకకు మందు లేదని, పెద్ద శబ్దాలకు దూరంగా ఉంటే మిగిలిన కాస్తా నిలుస్తుందని ఆయన అన్నాడు. నేను ఒక్కొక్క ముక్కా నోరు తెరిచి తమ్ముడికి చెప్పాను. అంత పాడు పని నా జన్మలో చేయలేదు.

"అక్టోబరుది ఒక్కటి వాయించొచ్చా అని అడుగక్కా."

డాక్టరు మాస్కు కిందికి లాగి వాడికే చెప్పాడు. "వాయించుకో. ఆ తర్వాత మీ అక్క మాట కూడా వినపడకపోతే నా దగ్గరికి రావద్దు."

బయటికి వచ్చాక శివ తన చేతులు చూసుకున్నాడు. "వేళ్ళు బాగనే ఉండాయి గదక్కా. చేతులకు అంతా తెలుసు. ప్రేమన్న దగ్గరికి పోదాం. ఆయప్ప అబద్ధం సెప్పడు. శ్రుతి పోయిందంటే ఈడికి ఆపేస్తా. పోలేదంటే అక్టోబరుకు పోతా. చెవులు పోతే పోనీ."

ఆయనకు ఏ సంగతీ చెప్పొద్దని దారంతా నాతో ఒట్టు వేయించుకున్నాడు.

ప్రేమ్ కుమార్ అన్న మిల్లు నుంచి అప్పుడే వచ్చాడు. తలలో ఇంకా దూది ఉంది. నాయన గురించి రెండు మాటలు అడిగి, భార్య యశోదను టీ పెట్టమన్నాడు. శివ గోడకున్న గిటారు దించాడు. ఎప్పటిలాగే తీగలు వదులుగా వేలాడుతున్నాయి. ఆ ఇంట్లో పచ్చ లైటు పెట్టె లేదు. శివ గిటారు మీదికి గుండు వంచి, ఒక్కొక్క తీగా మీటుతూ, మర తిప్పుతూ, కళ్ళు మూసుకుని శ్రుతి చేశాడు. చాలాసేపే చేశాడు. తర్వాత వాయించాడు.

చెయ్యి ఎక్కడా తడబడలేదు. నాయన నాడె ఎలా పరిగెత్తేదో అలాగే పరిగెత్తింది. కానీ సంగీతం ఓనమాలు రాని నాకే తెలిసిపోయింది. తీగలు దేనికది వేరే దారి పట్టి అరుస్తున్నాయి. టీ తెచ్చిన యశోదక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను అన్న మొహం చూశాను. ఆయన మొదట కోపంగా నోరు తెరిచాడు. శివ మూసిన కళ్ళు, చెక్కు చెదరని ఆ చెయ్యి చూసి, ఆ నోరు అలాగే మూసుకున్నాడు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మిల్లులో పాతికేళ్ళు పనిచేసిన మనిషి, చెవులు పోయినవాళ్ళను ఎంతమందిని చూసి ఉంటాడో!

శివ ఆపి, కళ్ళు తెరిచి, ఆయన పెదాల వైపు చూశాడు.

"బాగుందప్పా శివా" అన్నాడు అన్న, ఒక్కొక్క మాటా స్పష్టంగా. "శానా బాగుంది."

శివ కాసేపు ఆయన్ను అలాగే చూశాడు. తర్వాత ఆరు తీగలూ తనే వదులు చేసి, గిటారును గోడకు తగిలించి, ఆయన కాళ్ళకు మొక్కాడు. టీ తాగకుండానే వచ్చేశాం.

ఎమ్మిగనూరు బస్సు ఉరుకుంద ఈరన్న దగ్గర మొక్కు తీర్చుకుని వస్తున్నవాళ్ళతో కిటకిటలాడుతోంది. అందరి తలలూ గుండ్లే, వాళ్ళలో వీడూ ఒకడిలా కలిసిపోయాడు. ఎవరో లేచి మాకు సీటు ఇచ్చారు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు ఊరు దాటాక శివ నోరు విప్పాడు.

"ఆయప్ప నన్ను ఎప్పుడూ బాగుందనలేదక్కా."

నేను వాడి వైపు తిరగలేదు. తిరిగితే నా పెదాలు చూస్తాడు.

"అవునురా" అన్నాను కిటికీ వైపు చూస్తూ. "పోయింది. శ్రుతి పోయిందిరా నీకు. ఆయప్ప నోరు రాక అట్లన్నాడు. అక్టోబరుకు పోవద్దురా శివా."

మగ్గం ఇంట్లో పుట్టిన గొంతు నాది, మెల్లగా రాదు. ముందు సీట్లోని ఆడమనిషి వెనక్కి తిరిగి చూసింది. కండక్టరు చూశాడు. నిలబడి ఉన్నవాళ్ళంతా చూశారు. శివ ముందుకే చూస్తూ, మోకాలి మీద కుడిచేతి వేళ్ళతో కిందికి కిందికి కొడుతూ కూర్చున్నాడు.