నాగులేటి దండు ఉగాది జోస్యం

కోళ్లపందెంలో రేగిన పంతాన్ని మహాసంగ్రామం దాకా నడిపించిన సీమ పల్నాడు. అటువంటి గడ్డమీద పుట్టినవాడు సెల్‌ఫోనులో యుద్ధం చేస్తే దాన్ని కాలక్షేపం అనడం చరిత్రకు అపచారం. కనీసం బ్రహ్మాజీ అభిప్రాయం అది.

మాచర్ల ఊరి చివర నాపరాళ్ల లారీలను తూచే వేబ్రిడ్జిలో బ్రహ్మాజీ ఉద్యోగి. పగలంతా గాజు కిటికీ వెనక కూర్చుని, ఎక్కిన లారీ బరువెంతో చెప్పి, దిగిపొమ్మంటాడు. భూమండలం మీద అతని ఆజ్ఞ చెల్లేది ఆ ఒక్కచోటే. అక్కడా డ్రైవర్లు బీడీ ముగించాకగాని దిగరు. ఇక ఇంట్లో యమున ఉంది కనుక ఆజ్ఞల ప్రసక్తే రాదు. అయితే సాయంకాలమయ్యేసరికి ‘రణద్వీపం’ అనే ఆన్‌లైన్ ఆటలో, యోధులను మోసుకొచ్చే విమానం దీవి మీదికి రాగానే, ముగ్గురు మనుషులు అతని మాట కోసం ఊపిరి బిగబట్టి ఉంటారు. “దూకండి” అంటాడు. దూకుతారు. ఆ ఒక్క మాట కోసం బ్రహ్మాజీ మిగిలిన రోజునంతా భరిస్తాడు.

పల్నాటి యుద్ధం జరిగిన ఏటి పేరుమీద ఆ నలుగురి కూటమికి నాగులేటి దండు అని పేరు. నాయకుడు బ్రహ్మాజీ. రెండోది అతని భార్య యమున. ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది, తుపాకీ కూడా లెక్క తప్పకుండా పేలుస్తుంది. మూడోది పక్కింటి అలీ సాహెబ్ కూతురు ముస్కాన్. డిగ్రీ చివరి ఏడు, దూరపు గురికి పెట్టింది పేరు. నాలుగోవాడు బెంజిమిన్, రెంటచింతలలో మోటార్ల వైండింగు పని. ఆ ఊరి ఎండకు మోటార్లు కాలుతూనే ఉంటాయి కాబట్టి అతనికి పనికి లోటు లేదు. ఫోను కూడా కాలుతుంది కాబట్టి ఆట మధ్యలో దాన్ని తడిగుడ్డలో చుట్టి ఆడతాడు.

ద్వీపంలో ఎన్నో దండ్లు దిగుతాయి. చుట్టూ ఒక విషవలయం క్రమంగా కుంచించుకుపోతుంది. చివరికి ఎవరి దండులో ప్రాణంతో ఒక్కరు మిగిలినా గెలుపు వారిది. శాస్త్రమంతా ఇంతే.

గుళ్లో సిద్ధాంతిగారు లోకానికి పంచాంగం చదివినట్టే, ప్రతి ఉగాది సాయంత్రం బ్రహ్మాజీ తన డాబా మీద ఆటల లోకానికి పంచాంగం చదువుతాడు. రాబోయే ఏడాదికి ఆ లోకపు రాజెవరో, మంత్రెవరో, మేఘాధిపతి అనగా సిగ్నల్‌కు అధిపతి ఎవరో సెలవిస్తాడు. మిగిలిన ముగ్గురూ పచ్చడి నాకుతూ వింటారు. అతని జోస్యాల్లో లోపం ఒక్కటే: అవి జరగవు.

నిరుటి సంగతే చూడండి. సర్వర్ల యోగం దివ్యంగా ఉంది కాబట్టి పరిగెత్తేవాడు పరుగు మధ్యలో బొమ్మలా బిగుసుకుపోవడం ఇక ఉండదన్నాడు, ఏడాదంతా బిగుసుకుపోయారు. గోడల్లోంచి చూసి కాల్చే మోసగాళ్లకు శని పట్టిందన్నాడు. తెరమీది వాళ్ల బొమ్మలకు కొత్త చొక్కాలు కూడా వచ్చాయి. కొత్త మ్యాపులో కృష్ణానదీ, ఒడ్డున ఒక మిరప కల్లమూ వెలుస్తాయన్నాడు; మంచుకొండలు వెలిశాయి. మైకుల్లో సభ్యత వర్ధిల్లుతుందన్నాడు. దాని వివరాలు అచ్చు వేయదగినవి కావు. నాయకస్థానానికి జలగండం ఉందన్నది మాత్రం తూచా తప్పకుండా ఫలించింది: వంతెన ఎక్కిన ప్రతిసారీ బ్రహ్మాజీ నీళ్లలో పడ్డాడు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. పఠనం ముగిస్తూ, ఆవేశం పొంగి, “వచ్చే ఉగాది పంచాంగం మొదలుపెట్టేలోపు మన దండు ఒక్క గెలుపైనా గెలవకపోతే నాయకత్వం యమునకు ధారపోస్తాను” అన్నాడు. అది అలంకారమని అతను అనుకున్నాడు. యమున ఫోనులో రికార్డు చేసుకుంది.

ఏడాది తిరిగింది. దండు రెండో స్థానం దాకా వచ్చింది, మూడో స్థానంలో కాపురమే పెట్టింది, మొదటి స్థానం మొహం చూడలేదు. యమున తన పరిపాలనా విధానాన్ని ముందే ప్రకటించింది: “పెత్తనం నా చేతికొస్తే ముందు ఈ పంచాంగం ఎత్తేస్తా.” బ్రహ్మాజీకి అసలు దిగులు అక్కడుంది. దూకమనే మాట పోతే పోయింది, ఏడాదికోసారి లోకం భవిష్యత్తు చెప్పే ఆ గంట కూడా పోతే, ఇక అతను చెప్పడానికి మిగిలేది లారీల బరువే.

ఉగాది రానే వచ్చింది. ఈసారి కాలచక్రం మూడు మతాల పళ్లచక్రాలనూ ఒకేచోట కలిపి తిప్పింది. బెంజిమిన్ తపస్సుకాలపు నియమంలో ఉన్నాడు; కొందరు మాంసం మానేస్తారు, అతను రణద్వీపం మానేశాడు, ఈస్టర్ దాకా వేలు పెట్టడు. ముస్కాన్ రోజా, అంటే రంజాను ఉపవాసం, ఉంది. బ్రహ్మాజీ పరగడుపున వేపపువ్వు తిన్నాడు, ఆ చేదు ఇంకా దిగలేదు.

“నువ్వు లేకుండా ముగ్గురం ఎట్టా ఆడాలిరా” అన్నాడు బ్రహ్మాజీ, మధ్యాహ్నం బస్సులో దిగిన బెంజిమిన్‌తో.

“నియమం నియమమే బావా. పెదాలు కుట్టుకోమంటే కుట్టుకుంటా, వేలు మాత్రం పెట్టను. కావాలంటే గోడవైపు తిరిగి కూసుంటా, మీ కేకలు ఇంటా.”

“ఈ కొత్త ఏడు పేరేందో తెలుసా తమ్ముడూ” అంది యమున, బొబ్బట్ల పళ్లెం అతని ముందు పెడుతూ. “పరాభవ నామ సంవత్సరం. మీ బావకి పంచాంగం చదివే పని కూడా తప్పింది. పేరులోనే మొత్తం ఉంది.”

“అక్కా, ఆయన్ని ఇయ్యాల ఏమనమాక. మొహం చూడు, చెక్‌పోస్టులో ఆపిన లారీలాగుంది.”

బ్రహ్మాజీ ఇదేమీ పట్టించుకోలేదు. ఆ సమయంలో అతను ముహూర్తం పెడుతున్నాడు. పొద్దున్నుంచి ఆడిన ఆటలన్నీ పోయాయి. ఇక ఆఖరి ఆట శాస్త్రోక్తంగా ఆడాలి. వంటింటి గోడకున్న పంచాంగం ముందు నిలబడి రాహుకాలం తీసేశాడు, యమగండం తీసేశాడు, దుర్ముహూర్తం, వర్జ్యం తీసేశాడు. వలలోంచి చిన్నచేపలు జారిపోయినట్టు అన్నీ పోగా, చేతిలో పెద్దచేపలాగా ఒక శుభఘడియ మిగిలింది: పొద్దు గుంకే వేళ. అంతకంటే అమోఘమైన లగ్నం పల్నాడులో ఏ పెళ్లికీ కుదిరి ఉండదని ప్రకటించి డాబా ఎక్కాడు.

రెండు డాబాలకూ మధ్య నడుమెత్తు పిట్టగోడ. అటు ముస్కాన్, ఇటు ముగ్గురు. బెంజిమిన్ మాట ప్రకారం వీపు తిప్పి కూర్చున్నాడు. విమానం ద్వీపం మీదికి వచ్చింది.

“దూకండి” అన్నాడు బ్రహ్మాజీ. ఆ మాటను ఈసారి కొంచెం ఎక్కువసేపు నోట్లో ఉంచుకున్నాడు. ఇదే ఆఖరిసారి కావచ్చు.

ఆరంభం ఆశ్చర్యకరంగా శుభంగానే జరిగింది. యమున ఇద్దరిని కూల్చింది. ముస్కాన్ కొండ మీదినుంచి మూడోవాణ్ణి, వాడు బిస్కెట్ల దుకాణంలోంచి బయటికి చూసిన పాపానికి, కూల్చింది. వలయం దగ్గరపడింది. ఇప్పుడు అవతలి ఒడ్డుకు పోవాలి.

“వంతెన మీదుగా పోదాం” అన్నాడు బ్రహ్మాజీ.

“వద్దు” అన్నారు యమున, ముస్కాన్, గోడవైపు తిరిగిన బెంజిమిన్ కూడా.

“ఇది శుభలగ్నం. గండాలు పొద్దున్నే వెళ్లిపోయినయి.”

“అన్నా, ఈత కొడదాం, నా మాటిను” అంది ముస్కాన్, అప్పటికే నీళ్లలో దిగి.

నాయకుడు ఏకాకిగా వంతెన ఎక్కాడు. భర్త అజ్ఞానాన్ని వంతెనకు వదిలేయడం ఇష్టం లేక యమున వెనక ఎక్కింది. నడిమధ్యకు రాగానే అవతలినుంచి తూటాల వాన కురిసింది. బ్రహ్మాజీ నిరుటి జోస్యాన్ని ఆఖరిసారి నిజం చేస్తూ నదిలో పడ్డాడు. యమున నిలబడి, తనను కాల్చినవాణ్ణి తనతో తీసుకుపోయి, ఫోను ఒళ్లో పెట్టుకుంది.

“పోయినాయన పుణ్యాత్ముడు” అంది. “పోయేటప్పుడు పెళ్లాన్ని కూడా తీసకపోయాడు.”

ఇక మిగిలింది ముస్కాన్. ఒడ్డున ఒక పొదలో దూరి బోర్లా పడుకుంది. శత్రువులు మరీ ఎక్కువమంది లేరు. బ్రహ్మాజీ గుండె మళ్లీ లేచి నిలబడింది.

“అమ్మా ముస్కాన్, పొదలో ఉండమాక. లేచి కొండమీదికి పరిగెత్తు. ఎత్తుమీద ఉన్నోడిదే రాజ్యం. లెయ్, లెయ్.”

ముస్కాన్ లేచింది, ద్వీపంలో కాదు, డాబా మీద. ఎందుకంటే సరిగ్గా ఆ క్షణాన మసీదు సైరన్ మోగింది. కింది నుంచి అలీ సాహెబ్ గొంతు వినిపించింది: “బేటీ, రోజా విప్పు.”

“అన్నా, ఈలోపే అయిపోద్దనుకున్నా, రెండు నిమిషాలు” అని ఫోనును పిట్టగోడ మీద వెల్లకిలా పెట్టి, ఓణీ తలమీదికి లాక్కుని, ఆమె ఖర్జూరం పళ్లెం ముందు కూర్చుంది.

బ్రహ్మాజీ ఆకాశంవంక చూశాడు, మసీదువంక చూశాడు, చివరికి భార్యవంక చూశాడు. యమున నవ్వు ఆపుకుంటోంది.

“మన పంచాంగం ఏ మేకుకు తగిలించి ఉంది?” అంది.

“వంటింట్లో.”

“దాని మీద ఇంకోటి కూడా తగిలించి ఉందిగా, పచ్చ కార్డు. అలీ బాబాయి రంజాను మొదట్లో ఇచ్చింది. ఇఫ్తారు టైములు. ముహూర్తం చూసేటప్పుడు దాన్ని ఏం చేశావ్?”

బ్రహ్మాజీ తలదించుకున్నాడు. “పంచాంగానికి అడ్డం వస్తుంటే పక్కకి జరిపా.”

రాహువు, కేతువు, యముడు అందరి వేళలూ వెదికి తప్పించిన సిద్ధాంతి, పక్కింటి పిల్ల అన్నం తినే వేళను చేత్తో పక్కకు జరిపి, సరిగ్గా దానిమీదే ముహూర్తం పెట్టాడు. గ్రహాల గమనంలో కుదిరిన ఇటువంటి గురి అతనికి తుపాకీతో ఎన్నడూ కుదరలేదు.

పిట్టగోడ మీద ఫోను మెరుస్తోంది. తెరమీద ముస్కాన్ యోధురాలు పొదలో శవంలా పడి ఉంది. చుట్టూ అడుగుల చప్పుడు. బ్రహ్మాజీ చెయ్యి తనంతట తానే ఆ ఫోనువైపు సాగింది. యమున దానిమీద చిన్నగా ఒక్కటేసింది.

“ముట్టుకోమాక. దాని ఫోను, దాని ప్రాణం. అది తిని వచ్చిద్ది. నువ్వు పట్టుకుంటే మళ్లా వంతెన ఎక్కుద్ది.”

“అయితే బెంజీ, నువ్వు పట్టరా. ఒక్క వేలు.”

బెంజిమిన్ గోడవైపు తిరిగే రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. “శోధన అంటే ఏందో ఫాదరు చెప్తుంటే ఇన్నాళ్లూ అర్థం కాలేదు బావా. ఇయ్యాల అర్థమైంది. పెట్టను.”

బ్రహ్మాజీకి ఒక అనుమానం వచ్చింది. ఈ ఆట పోతే పెత్తనం యమునది. మరి ఆమె తీర్పులో న్యాయమెంత, స్వార్థమెంత? అడిగే ధైర్యం లేక కూర్చున్నాడు. నాయకుడిగా అతని పాలన ఇప్పుడు ఒక పొద, ఒక ఖర్జూరపు పండు, ఈ రెండింటి మధ్య వేలాడుతోంది.

పొద పక్కనుంచి ఒక దండు పరిగెత్తింది; కదలనిది కంటికి ఆనదు కాబట్టి ముస్కాన్‌ను చూడలేదు. ఆ దండు కొండ ఎక్కింది, ఎందుకంటే లోకంలో బ్రహ్మాజీలాంటి నాయకులు ఇంకా ఉన్నారు. కొండమీద అప్పటికే ఇంకో దండుంది. ఎత్తుమీది రాజ్యం కోసం రెండు దండ్లూ ఒకదాన్నొకటి ఘనంగా నిర్మూలించుకున్నాయి. చివరికి ఒక్కడు మిగిలి, ఒళ్లంతా గాయాలతో కూర్చుని కట్టు కట్టుకోసాగాడు. వలయం మెల్లగా వచ్చి, ముస్కాన్ పొదను లోపలే ఉంచి, అతని వీపును తాకింది. కట్టు పూర్తి కాలేదు.

ఫోనులో బాకాలు మోగాయి. తెరమీద బంగారు అక్షరాలు: విజయం, నాగులేటి దండు.

 బెంజిమిన్ గోడవైపు ఉండే అడిగాడు: “బావా, ఆ బాకాలు మనయ్యేనా? తిరగొచ్చా?”

“తిరుగు” అంది యమున. “అయిపోయింది. చూస్తే పాపం లేదు.”

ముస్కాన్ చేతులు తుడుచుకుంటూ వచ్చి తెర చూసింది. “నేను చచ్చిపోలేదా?”

బ్రహ్మాజీ గొంతు సవరించుకున్నాడు. పంచాంగం ఇంకా మొదలుపెట్టలేదు, గెలుపు వచ్చింది. అక్షరాలా ప్రతిజ్ఞ నెరవేరింది. కాని గెలిచిన క్షణాన నాయకుడు నదిలో ఉన్నాడు, అతని ఆఖరి ఆజ్ఞ పాటించి ఉంటే గెలిచిన మనిషి కొండమీద చచ్చి ఉండేది. వేబ్రిడ్జి మనిషి కాబట్టి తప్పుడు తూకం అతని చేత కాదు.

“ఇది నా గెలుపు కాదులే” అన్నాడు నెమ్మదిగా. “యమున నా చెయ్యి ఆపకపోతే పోయేది. పెత్తనం తీసుకో.”

యమున నోరు తెరిచేలోగా ముస్కాన్ అడ్డొచ్చింది. “వద్దు వదినా, అన్నే ఉండాల. ఆయన వంతెన ఎక్కమంటేనే గదా నేను ఈత కొట్టింది. లేవమంటేనే గదా లేవకుండా గెలిచింది. ఏం చేయకూడదో చెప్పేవాడు దండుకి ఒకడుండాల.”

తర్కంలో ఇంత పటిష్ఠమైన నిర్ణయం ఏ రాజసభలోనూ జరిగి ఉండదు. బెంజిమిన్ ఏకీభవించాడు. యమున భర్త మొహంలోకి చూసింది. అక్కడ ఆగిన లారీ కదలడానికి సిద్ధంగా ఉంది.

“సరే, చదువు” అంది. “అలవాటైపోయింది, వినకపోతే ఉగాదిలాగుండదు. కాని వచ్చే ఏడు ముహూర్తం పెట్టేటప్పుడు ఆ పచ్చ కార్డు పైన, నీ పంచాంగం కింద.”

అటునుంచి గంజి, పకోడీ పిట్టగోడ దాటి ఇటు వచ్చాయి. ఇటునుంచి బొబ్బట్లు అటు వెళ్లాయి. బ్రహ్మాజీ కండువా సర్దుకుని, పరాభవ నామ సంవత్సరపు ఆటల ఫలాలు ఎత్తుకున్నాడు. రాజు ముస్కాన్. మంత్రి, సేనాధిపతి రెండూ యమునే. రసాధిపతి ఖర్జూరం.

“అన్నా, ఇదికూడా చదువు” అంది ముస్కాన్. “మైకులో ఆడపిల్ల గొంతు వినపడంగానే ‘ఏ ఊరు, పెళ్లయిందా’ అనకుండా ‘శత్రువు ఎటు’ అని అడిగేవాళ్లు వస్తారని.”

“అది జోస్యమా, ఆశా?”

“నేనంటే ఆశ. నువ్వు చదివితే జోస్యం.”

బ్రహ్మాజీ గంభీరంగా చదివాడు. ఈస్టర్ ఆదివారం సర్వర్లను మరమ్మతుకు మూయరని, బెంజిమిన్ కోరిక మీద, అదీ చదివాడు. మోసగాళ్లకు మళ్లీ శని పట్టించాడు. కృష్ణానదిని మాత్రం ఈసారి మ్యాపులోకి తేలేదు. నది ఉంటే వంతెన ఉంటుంది.

యమున ఫోను ముందుకు చాపింది. “ఊఁ, రికార్డింగు నడుస్తుంది. ఈ ఏటి ప్రతిజ్ఞ కానియ్.”



“వచ్చే ఉగాదిలోపు” అన్నాడు బ్రహ్మాజీ, “నేను ఒక్కసారైనా తడవకుండా వంతెన దాటతా.”

“ఇన్షా అల్లా” అంది ముస్కాన్.

“ఆమెన్” అన్నాడు బెంజిమిన్.

 యమున రికార్డింగు ఆపి, జాగ్రత్తగా దాచుకుంది.