ఆరు గ్రాఫులు, ఒకే వెడల్పు

అప్పటికి నా చేతిలో ఉన్నవి: ఒక ఫ్లెక్సీల దుకాణం, గోడంత బ్యానరును చూస్తుండగానే కక్కే ప్రింటరు, ఏ బొమ్మనైనా ఏ కొలతకైనా లాగి పెట్టే ఒడుపు, ఒక అక్క. వీటిలో ముందుగా ఏది చెయ్యి జారుతుందని అడిగి ఉంటే ప్రింటరు పేరు చెప్పేవాణ్ణి.

అక్క పరిశోధకురాలు. నూలు మిల్లులో పనిచేసేవాళ్ళు ఎంత గాలి ఊదగలరో ఏళ్ళ తరబడి కొలిచింది. మిల్లులో ఆరు గదులు, గదికో గ్రాఫు. ఆ కొలతల మీద రాసిన వ్యాసాన్ని అచ్చులో చూసి పోవాలన్నదే ఆమెకు మిగిలిన కోరిక. జబ్బు ముదిరి మా ఇంట్లో మంచం పట్టిన రోజుల్లోనే పత్రికవాళ్ళు దాన్ని తిప్పి పంపారు. రాతలో తప్పు లేదట. గ్రాఫులు ఒక్కోటి ఒక్కో సైజులో ఉన్నాయి, సరిచేసి పంపితే మళ్ళీ చూస్తామన్నారు. అక్క వేళ్ళకు మౌసు పట్టే ఓపిక లేదు.

"ఇదెంత పనక్కా! రేపటికల్లా ఇచ్చేస్తా" అన్నాను.

ఇచ్చాను కూడా. అయిదింటిని మూలలు పట్టుకుని లాగి ఒకే వెడల్పుకు తెచ్చాను. ఆరోది దూది ఏకే గదిది, గీత బాగా కిందికి పడిపోయింది. అసలు సంగతి ఇదే కదా అని దాన్ని రెట్టింపు చేశాను.

అక్క దిండుకు ఆనుకుని చూసింది. నవ్వింది, ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

"ఒరేయ్ సేఠూ, అంకెలు ఒకచోట చీమల్లా, ఒకచోట ఏనుగుల్లా ఉన్నాయేంట్రా? ఈ చివరిదాని కింద 'శుభాకాంక్షలతో' అని వెయ్యడం మర్చిపోయావే?"

"పెద్దమనిషి మొహం పెద్దగానే వెయ్యాలి కదక్కా. మా బ్యానర్లలో అదే పద్ధతి."

"గ్రాఫుల్లో పెద్దమనుషులుండర్రా. సరిగ్గా చూడు, పడిపోయిన గీతని లేపి నిలబెట్టావు."

చూశాను. నిజమే. రెట్టింపు చేసేసరికి ఆ గది గీత పక్క గదుల గీతల ఎత్తుకు వచ్చి కూర్చుంది. ఆ గదివాళ్ళు అందరిలాగే ఊపిరి పీలుస్తున్నట్టుంది.

"గీశాక లాగకూడదు. గీసే ముందే ప్రోగ్రాములో వెడల్పు, ఎత్తు, అక్షరాల సైజు ఒక్కచోట రాయి. ఆరూ అందులోంచే రావాలి. అప్పుడు ఎక్స్‌పోర్ట్ నొక్కు."

"ఎగుమతా? ఏ ఓడకక్కా?"

"నోర్మూసుకుని నొక్కు. ఫోటోలా దాచకు, గీతల ఫైలుగా దాచు. ఫోటోని పెద్దది చేస్తే మసకబారుతుంది. గీతలు ఎంత పెంచినా చెదరవు."

నాకు అర్థమయ్యే భాషలో చెప్పుకున్నాను: సరుకు గోదాం దాటకముందే కొలత చూసుకోవాలి.

మధ్యాహ్నాలు ఆమె చెప్పేది, నేను టైపు కొట్టేవాణ్ణి. మాట మధ్యలో నిద్రపోతే లేచేదాకా కూర్చునేవాణ్ణి. చివరికి ఆరూ ఒకే కొలతలో తెరమీద వరస కట్టాయి. ఆరో గీత ఎవరూ చూపించకుండానే కింద కనిపించింది. అక్క చాలాసేపు చూసి, "పంపించు" అంది.

తర్వాత రోజూ లేవగానే ఒకటే ప్రశ్న. "వచ్చిందా?"

"దారిలో ఉందక్కా." దుకాణంలో అందరికీ చెప్పే మాటే.

ఒక పొద్దున అడగలేదు. ఆ సాయంత్రమే పోయింది.

సంస్మరణ సభకు ఫోటో కావాలన్నారు. ఎప్పుడు కెమెరా ఎత్తినా మొహం తిప్పుకునే మనిషి; వెతగ్గా వెతగ్గా మిల్లువాళ్ళు ఇచ్చిన గుర్తింపు కార్డు మీద గోరంతది దొరికింది.

"లాగితే నిలువెత్తు వచ్చేస్తుంది సార్" అన్నాడు మా ప్రింటరు ఆపరేటరు.

"లాగొద్దు."

"కనబడదు సార్."

"వంగి చూస్తారులే."

వచ్చినవాళ్ళందరూ వంగే చూశారు.

పత్రికవాళ్ళ జవాబు ఆ తర్వాత వచ్చింది. వ్యాసం వేసుకుంటున్నారు, బొమ్మలన్నీ సరిగ్గా ఉన్నాయట. చదివి, అలవాటుగా లోపలి గదికేసి రెండడుగులు వేసి ఆగిపోయాను.

చివరికి నాకు మిగిలినవి: ఒకే వెడల్పులో ఆరు గ్రాఫులు, వ్యాసం నెత్తిన చిన్న అక్షరాల్లో అక్క పేరు, గోరంత ఫోటో. గ్రాఫుల్ని అప్పుడప్పుడు తెరనిండా పెంచి చూస్తాను, చెదరవు. ఫోటోని మాత్రం పెంచను.